యుద్ధకాలపు మంత్రగత్తెల కథ రాయడం ఎలా: 1645 ఇంగ్లండ్‌ను ముందు పెట్టుకుని మెట్టు మెట్టుగా

"యుద్ధం నేపథ్యంలో మంత్రగత్తెల కథ రాస్తున్నాను. చరిత్ర ఎంత ఉండాలి, మాయ ఎంత ఉండాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, నేను పాటించే పద్ధతంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పాళ్ల గురించి బెంగ పడకండి. అసలు చిక్కు వేరే ఉంది. నిజంగా జరిగిన మంత్రగత్తెల వేటలో ఉరికంబం ఎక్కినవాళ్లు మంత్రగత్తెలు కారు. మీ కథలో మంత్రం నిజంగా పనిచేసిందంటే, వాళ్లను చంపించినవాడి మాటే నిజమైపోతుంది. ఈ ముడి విప్పకుండా ఎంత అందంగా రాసినా కథ హంతకుడి పక్షాన సాక్ష్యం చెబుతుంది. కింద చెప్పేవాటిలో సగం ఈ ముడి గురించే.

కావలసినవి

- ఒక యుద్ధం, అందులో ఒకే ఊరు, ఒకే ఏడాది.
- తేదీలు రాసుకోవడానికి విడిగా ఒక నోట్‌బుక్.
- ఆ కాలంలో అచ్చయిన రెండు మూడు కరపత్రాలు. మంత్రగత్తెలను పట్టించడమే పనిగా పెట్టుకున్న మ్యాథ్యూ హాప్కిన్స్ 1647లో తన పనిని సమర్థించుకుంటూ అచ్చు వేయించిన చిన్న పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పొట్టి పుస్తకమే, ఒక్క పూటలో అయిపోతుంది.
- ఆ ఊరి మ్యాపు. నదులు, చిత్తడి నేలలు, సంత జరిగే ఊళ్లు కనిపించాలి.
- మీ డ్రాఫ్ట్ చదివి నిర్మొహమాటంగా మాట్లాడే ఒక మనిషి.

1. ఊరిని ఎంచుకోండి

నేను తీసుకున్నది ఇంగ్లండ్ అంతర్యుద్ధం. రాజు మొదటి చార్లెస్ ఒకవైపు, పార్లమెంటు మరోవైపు. 1645లో ఎసెక్స్ కౌంటీలో స్టౌర్ నది ఒడ్డున ఉన్న మానింగ్‌ట్రీ అనే చిన్న ఊళ్లో వేట మొదలైంది. ఎలిజబెత్ క్లార్క్ అనే ముసలామె మీద మొదటి నింద పడింది. ఆమెకు ఒకే కాలు. ఆమె తల్లిని కూడా ఇదే నేరం కింద ఉరి తీశారని ఊళ్లో చెప్పుకునేవారు. హాప్కిన్స్‌కు అప్పటికి పాతికేళ్లు ఉంటాయేమో. అతనూ, జాన్ స్టెర్న్ అనే మరో మనిషీ రెండేళ్లపాటు తూర్పు ఇంగ్లండ్ ఊళ్లు తిరిగారు. వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి.

వేరే యుద్ధం కావాలనుకుంటే ఇవి చూడండి. ముప్ఫై ఏళ్ల యుద్ధం నాటి జర్మనీలోని బాంబెర్గ్: అక్కడ జొహానెస్ యూనియస్ అనే మేయర్ 1628లో జైలు నుంచి కూతురికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయితే బ్రిటన్‌లో హెలెన్ డంకన్ కేసు. ఆత్మలతో మాట్లాడతానని చెప్పుకునే ఆమెను 1944లో, 1735 నాటి మంత్రవిద్య చట్టం కింద జైలుకు పంపారు. రాత్రుళ్లు చెక్క, గుడ్డలతో చేసిన పో-2 విమానాల్లో బాంబులు వేసిన సోవియట్ 588వ రెజిమెంట్ అమ్మాయిలు కూడా ఉన్నారు. జర్మన్ సైనికులు వాళ్లకు 'రాత్రి మంత్రగత్తెలు' అని పేరు పెట్టారు. పేరు చూసి మోజు పడకండి. అది విమానాల కథ. మంత్రం అందులోకి తేవాలంటే మీకు చాలా గట్టి కారణం కావాలి.

2. యుద్ధం ఆ ఊరి నుంచి ఏం తీసుకుపోయిందో రాయండి

తొందరపడకూడని మెట్టు ఇది. చాలామంది యుద్ధం అనగానే ఫిరంగులతో మొదలుపెడతారు. మానింగ్‌ట్రీ దరిదాపుల్లో ఆ ఏడాది యుద్ధమే జరగలేదు. ఎసెక్స్ మొదటి నుంచీ పార్లమెంటు చేతిలోనే ఉంది. మరి యుద్ధం ఆ ఊరికి ఎలా తెలిసింది? లేనివాటి ద్వారా తెలిసింది.

జడ్జీలు లేరు. మామూలు రోజుల్లో లండన్ నుంచి అనుభవం ఉన్న జడ్జీలు ఊళ్లు తిరిగి విచారణ జరిపేవారు. ఇలాంటి కేసుల్లో వాళ్లు గట్టి సాక్ష్యం అడిగేవారు. యుద్ధంతో ఆ ఏర్పాటు దెబ్బతింది. 1645 జులైలో చెల్మ్స్‌ఫర్డ్‌లో జరిగిన విచారణకు పెద్దగా కూర్చున్నది జడ్జి కాదు, వారిక్ ప్రభువు రాబర్ట్ రిచ్. నౌకాదళం నడిపిన మనిషి.

మగవాళ్లు లేరు. పట్టుకెళ్లి సైన్యంలో చేర్చారు. గుర్రాలను తీసుకెళ్లారు. 1643 నుంచి బీరు మీద కూడా కొత్త పన్ను పడింది. పాత పాదరీలను చాలాచోట్ల తీసేశారు. విలియం డౌజింగ్ అనే అధికారి 1644లో పక్క కౌంటీ సఫోక్‌లో చర్చిలు తిరిగి రంగు అద్దాలు పగలగొట్టించాడు, చెక్క దేవదూతలను పీకించాడు. చిన్నప్పటి నుంచి తలెత్తితే కనిపించే దేవదూత ఒక ఆదివారం కనిపించకపోతే, ఊరికి కాపలా ఎవరు? ఆ ప్రశ్న మీ పాత్రల గుండెల్లో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, కబురు లేదు. మామూలు సిపాయి చనిపోతే ఇంటికి రాసి పంపే దిక్కు లేదు. భార్య నెలల తరబడి ఎదురుచూస్తుంది. ఆ ఖాళీలోకి పుకార్లు వచ్చి చేరతాయి. రాజు మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్‌కు 'బాయ్' అనే తెల్ల కుక్క ఉండేది. అది పెంపుడు దయ్యమనీ, తూటాలను పళ్లతో పట్టుకుంటుందనీ కరపత్రాలు అచ్చయ్యాయి. 1644 జులై 2న మార్‌స్టన్ మూర్ యుద్ధంలో అది చచ్చిపోతే ఆ సంగతీ అచ్చు వేశారు. 1643లో న్యూబరీ దగ్గర నది మీద పలకపై నిలబడి కనిపించిన ఒక స్త్రీని పార్లమెంటు సిపాయిలు పట్టుకుని కాల్చి చంపారని మరో కరపత్రం. 1645 జూన్ 14న నేస్బీలో గెలిచిన పార్లమెంటు సైన్యం, రాజు సైన్యం వెంట ఉన్న ఆడవాళ్లలో కనీసం వంద మందిని నరికేసింది. ఐరిష్‌వాళ్లని చెప్పుకున్నారు. చనిపోయినవాళ్లలో చాలామంది వెల్ష్ స్త్రీలై ఉండవచ్చు. చంపినవాళ్లకు వాళ్ల భాష అర్థం కాలేదు, అంతే.

ఇవన్నీ నోట్‌బుక్‌లో 'లేనివి' అని ఒక పేజీ పెట్టి రాసుకోండి. మీ మంత్రం ఆ పేజీలోంచే పుట్టాలి.

3. తేదీలు సరిచూసుకోండి

అప్పటి ఇంగ్లండ్‌లో లెక్క ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే 1645 ఫిబ్రవరిలో జరిగింది పాత కాగితాల్లో 1644 అని ఉంటుంది. ఇది తెలియక ఒక గర్భవతి పాత్రను నేను పొరపాటున ఇరవై నెలలు మోయించాను. నోట్‌బుక్‌లో మన లెక్క, వాళ్ల లెక్క రెండు గడులుగా రాసుకుంటే ఈ బాధ ఉండదు.

4. మంత్రానికి ఒక వస్తువు, ఒక పని, ఒక ఖరీదు

గాలిలో చెయ్యి ఊపితే మంట వచ్చే మంత్రం ఈ నేల మీద మొలకెత్తదు. ఆ ప్రాంతపు జనం నిజంగా నమ్మినవి ఏమిటో చూడండి. గడ్డపు మొహం చెక్కిన చిన్న రాతిమన్ను జాడీలో మూత్రం, వంచిన గుండుసూదులు, వెంట్రుకలు వేసి బిరడా బిగించి పొయ్యి కిందో గడప కిందో పాతేవారు. ఎవరో చేసిన కీడు చేసినవాళ్లకే తిరిగి కొట్టాలని. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు అలాంటి జాడీలు ఇంకా బయటపడుతుంటాయి. పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పేవాళ్లు, పశువుల జబ్బుకు మంత్రం వేసేవాళ్లు ప్రతి ప్రాంతంలోనూ ఉండేవారు. జనం వాళ్ల దగ్గరికి వెళ్లేవారు, డబ్బు ఇచ్చేవారు. వాళ్ల పని జనం కళ్లలో మామూలు పనే.

ఇప్పుడు రెండో మెట్టులోని పేజీ తెరవండి. నేను 'కబురు లేదు' అన్నది తీసుకున్నాను. నా పాత్రకు ఒకే ఒక్క శక్తి ఇచ్చాను. సిపాయి తొడిగిన చొక్కా చేతిలో పెడితే అతను బతికున్నాడో లేడో చెప్పగలదు. ఎక్కడున్నాడో తెలియదు, ఎలా పోయాడో తెలియదు, వెనక్కి తేలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి ఆమెకు చలి పడుతుంది. పెళ్లాలు చీకటి పడ్డాక చొక్కాలు కొంగు కింద దాచుకుని వస్తారు. 'ఉన్నాడు' అని విన్నవాళ్లు వెన్న ముద్ద ఇచ్చి పోతారు. 'లేడు' అని విన్న ఒక మనిషి, మూడు వారాల తర్వాత, మంత్రగాళ్లను పట్టేవాడు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆమె పేరు చెబుతుంది.

యుద్ధం వదిలిన ఖాళీ, దాన్ని నింపిన మంత్రం, ఆ మంత్రం వల్ల పడిన నింద. మూడూ ఒకే తాడు మీద ఉన్నాయి. మీ తాడు మీరు పేనుకోండి.

హెచ్చరిక: శక్తి ఎంత పెద్దదైతే కథ అంత బలహీనపడుతుంది. నేస్బీ ఫలితాన్ని మార్చగల మంత్రగత్తె ఒక పాతికేళ్ల కుర్రాడి చేతికి ఎందుకు చిక్కింది అని చదివేవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా.

5. ముడి విప్పండి

మూడు దారులు నాకు తెలుసు.

మొదటిది: శక్తి ఉన్న మనిషి ఒకరు, పట్టుబడేది ఇంకొకరు. ఉరి వేసే రోజున శక్తి ఉన్నది జనంలో నిలబడి చూస్తుంటుంది. బయటపడి కాపాడితే హాప్కిన్స్ చెప్పింది నిజమని ఊరంతా నమ్ముతుంది, వేట పదింతలు అవుతుంది. ఊరుకుంటే పక్కింటామె చచ్చిపోతుంది. నవలకు ఇంతకంటే మంచి ఇంజిన్ నేను చూడలేదు.

రెండోది: మంత్రం నిజమే, కానీ చట్టం చెప్పిన మంత్రం కాదు. 1604 చట్టం వెతికింది దుష్టశక్తులతో పొత్తును, చేతబడితో చేసిన హత్యను. విచారణలో వాళ్లు వెతికింది రక్తం తాగే పెంపుడు దయ్యాలను, వాటికి పాలిచ్చే పులిపిరులను. మీ పాత్ర శక్తికీ ఈ మాటలకూ ఏ సంబంధమూ ఉండకూడదు. అప్పుడు హాప్కిన్స్ నిజానికి చాలా దగ్గరగా నిలబడి కూడా పూర్తిగా తప్పే చెబుతాడు. చొక్కా కథకు నేను ఎంచుకున్నది ఇదే.

మూడోది: ఉందో లేదో చివరిదాకా తేల్చకపోవడం. చిన్న కథకు బాగుంటుంది. కానీ చదివేవాళ్లకు చెప్పకపోయినా మీకు మాత్రం తెలిసి ఉండాలి. రచయితకే తెలియకపోతే పేజీ మీద అది కచ్చితంగా కనబడిపోతుంది.

వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని, ఒక్క వాక్యంలో రాసి, మీరు కూర్చునే చోట గోడకు అంటించండి. రెండు దారులు కలపకండి.

6. ఒక్క సన్నివేశం దగ్గరగా చూపించండి

ఇంగ్లండ్ చట్టంలో చిత్రహింసకు అనుమతి లేదు. కాబట్టి నేరం ఒప్పించడానికి నిద్ర పోనివ్వలేదు. ముసలివాళ్లను గది మధ్య పీట మీద కూర్చోబెట్టి రాత్రుళ్లు కాపలా కాసేవారు, నడిపించేవారు. వాళ్ల పెంపుడు దయ్యం రావడానికి తలుపుకు చిన్న కంత పెట్టేవారు. గదిలో కనిపించిన ఈగనో సాలీడునో చంపాలి. చంపడం కుదరకపోతే అదే దయ్యం. ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ జాన్ లోస్ అనే పాదరీని కూడా ఇలాగే పరుగులు పెట్టించి, కందకంలో ముంచి, చివరికి ఉరి తీశారు. తన అంత్యక్రియల ప్రార్థన తానే చదువుకున్నాడు.

ఇదంతా వివరంగా చెప్పాలనిపిస్తుంది. వద్దు. ఒక్క ఈగ చాలు. నేను రాసుకున్న ముక్క ఇది:

"మూడో రాత్రి ఈగ వచ్చింది. కమ్మరి పెళ్లాం చీపురు ఎత్తి కొట్టింది. తప్పించుకుని ముసలామె మోకాలి మీద వాలింది. కమ్మరి పెళ్లాం మళ్లీ చీపురు ఎత్తలేదు. ముసలామె వంగి చూసింది. మూడు రోజుల్లో భయం లేకుండా తన దగ్గరికి వచ్చిన ప్రాణి అదొక్కటే. 'వచ్చావా తల్లీ' అంది. గోడ దగ్గర కూర్చున్న కుర్రాడు రాయడం మొదలుపెట్టాడు."

ఇందులో మంత్రం లేదు. రక్తం లేదు. ఆమె ప్రేమగా అన్న మాటే ఆమె మెడకు తాడైంది. ఇలాంటి చోటు మీ కథలో ఒకటి వెతకండి, అక్కడ వేగం తగ్గించండి.

7. మాటల దగ్గర జాగ్రత్త

తెలుగులో రాస్తున్నాం కాబట్టి ఈ చిక్కులు మనకే ప్రత్యేకం.

చిల్లంగి, బాణామతి అనే మాటలు ఎసెక్స్ ఊరి మీద వాడకండి. అవి మన ఊళ్ల మాటలు, వాటి వెనక మన ఊళ్ల చావులు ఉన్నాయి. బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనమంతా చదివినవే. రంగు కోసం ఆ మాట అరువు తెచ్చుకోవడం నాకు తప్పనిపిస్తుంది. నేను 'మంత్రగత్తె' అనే మాటనే వాడతాను, అదీ నింద వేసేవాళ్ల నోటితోనే. కథ చెప్పే గొంతు ఆమెను ఎప్పుడూ పేరుతోనే పిలుస్తుంది.

అప్పట్లో పెద్ద వయసు ఆడవాళ్లను 'మదర్' అనీ, మామూలు ఇల్లాళ్లను 'గుడీ' అనీ పిలిచేవారు. మదర్ అంటే మనకు నన్ గుర్తొస్తుంది, గుడీ అంటే గుడి అనిపిస్తుంది. పెద్దామెను 'అవ్వా' అనండి, ఇల్లాలిని 'ఫలానావాళ్ల కోడలు' అనండి. హాయిగా చదువుకోవచ్చు.

మనకున్న పెద్ద ఆస్తి నువ్వు, మీరు. ఆ కాలపు ఇంగ్లిషులోనూ ఈ తేడా ఉండేది, తర్వాత పోయింది. పాతికేళ్లవాడు ఎనభై ఏళ్ల ఆమెను మొదటి రోజు 'మీరు' అని, రెండో రోజు 'నువ్వు' అని, నాలుగో రోజు 'చెప్పవే' అంటే, అధికారం ఎలా పెరిగిందో వేరే వర్ణించక్కర్లేదు.

8. నిజంగా బతికిన మనుషుల్ని ఏం చేయాలి?

హాప్కిన్స్‌ను పక్క పాత్రగానే ఉంచండి. నిజంగా చనిపోయినవాళ్లకు మంత్రశక్తి అంటగట్టకండి. ఎలిజబెత్ క్లార్క్ చేతికి మంత్రదండం ఇస్తే, ఆమె మీద వేసిన నింద మనం మళ్లీ వేసినట్టే. శక్తి ఉన్న పాత్రను కల్పించుకోండి, పేరు మీరే పెట్టండి.

హాప్కిన్స్‌ను కూడా రాక్షసుడిగా గీయకండి. అతను చేసింది జీతం పని. స్టోమార్కెట్ అనే ఊరు అతని బృందానికి 23 పౌండ్లు చెల్లించింది. రోజుకు ఆరు పెన్నీల కూలివాడు అంత సంపాదించాలంటే 920 రోజులు పనిచేయాలి. ఊరి జనం చందా వేసుకుని మరీ పిలిపించుకున్నారు. ఆ చందా పుస్తకం దగ్గర కూర్చున్న మనిషి మీద ఒక అధ్యాయం రాయండి. కత్తి పట్టినవాడికంటే అతనే ఎక్కువ భయపెడతాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సజీవదహనం. ఇంగ్లండ్‌లో ఈ నేరానికి శిక్ష ఉరి. నా మొదటి కథలో నేను కాల్పించాను, ఒక పాఠకురాలు ఓపికగా ఉత్తరం రాసి సరిదిద్దింది. ఒక మినహాయింపు ఉంది. భర్తను మంత్రంతో చంపిందని నేరం మోపిన మేరీ లేక్‌లాండ్‌ను 1645 సెప్టెంబర్‌లో ఇప్స్‌విచ్‌లో కాల్చారు. భర్తను చంపడం రాజద్రోహంలాంటి నేరం కాబట్టి.

టీ, బంగాళాదుంప. 1645 ఎసెక్స్ పేదింట్లో టీ లేదు. బార్లీ రొట్టె, బఠానీల జావ, పల్చటి బీరు, గట్టి చీజ్ పెట్టండి. వెలుతురు కోసం కొవ్వులో ముంచిన తుంగపుల్ల. కాసేపు వెలిగి ఆరిపోతుంది కాబట్టి సన్నివేశం నిడివికి కొలతగానూ పనికొస్తుంది.

"మధ్యయుగాల్లో తొంభై లక్షల మందిని చంపారు." నెట్‌లో తిరిగే ఈ లెక్క తప్పు. యూరప్ మొత్తం మీద చరిత్రకారులు చెప్పేది నలభై వేల నుంచి అరవై వేలు, అదీ ఎక్కువ భాగం 1500 తర్వాత.

మగవాళ్లను మరిచిపోవడం. 1645 ఆగస్టులో బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఒకే రోజు ఉరి తీసిన 18 మందిలో ఇద్దరు మగవాళ్లు.

నేటి మాటలు మాట్లాడే నాయిక. దయ్యాలు లేవని ఆమె ఒక్కతే నమ్మడం కుదరదు. ఆమెకు కూడా చీకటంటే భయమే. తన శక్తి దేవుడు ఇచ్చిందో ఇంకెవరిదో తనకే తెలియక నలిగిపోవాలి.

డ్రాఫ్ట్ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

పూర్తయ్యాక వారం పక్కన పెట్టి, ఈ నాలుగు పరీక్షలు పెట్టండి.

మంత్రం తీసేసి కథ చెప్పి చూడండి. ఏ మార్పూ లేకుండా నడిచిందా? అయితే మంత్రం అలంకారమే, నాలుగో మెట్టుకు వెళ్లండి.

యుద్ధం తీసేసి చూడండి. అప్పుడూ నడిస్తే రెండో మెట్టు మళ్లీ చేయాలి. చొక్కా కథలో యుద్ధం తీసేస్తే చొక్కాలు తెచ్చేవాళ్లే ఉండరు.

హాప్కిన్స్ నోటితో కథ మొత్తం ఒక పేరాలో చెప్పించండి. చివర్లో అతను 'నేను చెప్పిందే నిజమైంది కదా' అనగలిగితే ముడి విప్పుకోలేదన్నమాట. ఐదో మెట్టు.

ఆఖరిది, ఎవరైనా మనిషిని కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పే సన్నివేశం పైకి చదవండి. నింద వేసిన ఆమె వంతు వచ్చినప్పుడు వినేవాళ్ల మొహం చూడండి. ఆమె మీద కోపం ఒక్కటే కనిపిస్తే ఆ పాత్ర ఇంకా పూర్తి కాలేదు. చొక్కా పట్టుకుని చీకట్లో వచ్చిన రాత్రి ఆమె గుమ్మం బయట ఎంతసేపు నిలబడిందో రాయండి. నేను ఆ పేజీ ఆరుసార్లు తిరగరాశాను.